చల్లారితే కనబడని పగులు

అమ్మాయి ఇంటి నుంచి,
సోమవారం

తమ్ముడికి,

ఇక్కడ తల్లీ పిల్లా కులాసా. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల కదా, ఇప్పుడిప్పుడే ఒళ్లు చేస్తోంది. మొదట్లో ఏడిస్తే పిల్లికూనలా ఉండేది, ఇప్పుడు వీధి చివరిదాకా వినబడుతోంది. అమ్మాయికే ఇంకా లేచి తిరిగే ఓపిక రాలేదు. నేను ఇప్పట్లో కదిలేలా లేను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఇక్కడ ఫోన్ హాల్లో ఉంది. దాని పక్కనే వియ్యపురాలి కుర్చీ. నేను అడగబోయే సంగతి ఆ కుర్చీ పక్కన నిలబడి అడిగేది కాదు.

నిన్న భోజనాలకి అల్లుడి స్నేహితుడొకడు వచ్చాడు. మన ఊరి మీదుగా వచ్చాట్ట. కబుర్లు చెబుతూ చెబుతూ, "అక్కడ లాంచీ ఒకటి రేవు గట్టుకి గుద్దుకుందండీ, నేను అందులోనే ఉన్నాను. ఓ పెద్దావిడ పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. లాంచీ నడిపే సరంగు దిగుతుంటే చూశాను, కాళ్లు తడబడుతున్నాయి, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పొద్దున్నే పట్టించినట్టున్నాడు" అని నవ్వాడు. ఆ సరంగు మా మావగారే అని అల్లుడు అనలేదు. మా ఆయనే అని నేనూ అనలేదు. అమ్మాయి గదిలోంచి వింటూనే ఉంది, అదీ నోరెత్తలేదు. వియ్యపురాలు చేతిలో గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది. తమ్ముడూ, ఆ చూపుకి నేల చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయాను.

మీ బావ తాగుడు మానేసి ఏళ్లయింది. మానేసిన కొత్తలో సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలో ఆగి, నేను అడక్కుండానే మొహం నా దగ్గరకి వంచేవారు, వాసన చూసుకోమని. తర్వాత నేను వద్దన్నా ఆ అలవాటు పోలేదు. అలాంటి మనిషి మళ్లీ మొదలుపెట్టారా? నా దగ్గరకి రాసిన ఉత్తరంలో తలనొప్పి అంటారు, కేబిన్‌లో కాలిన వాసన అంటారు, మీ తమ్ముడికి చెప్పాను చూస్తానన్నాడు అంటారు. గట్టుకి గుద్దుకున్న సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. దాచారంటే నేనేమనుకోవాలి?

ఆ ఇంజిన్ చూసేది నువ్వు. రేవంతా నిన్ను ముక్కు మేస్త్రీ అని పిలుస్తారు. గాస్కెట్ మాడుతుంటే ఒడ్డు మీద నుంచే పసిగట్టేవాడివి. కేబిన్‌లోకి పొగ వస్తోందా, లేదా? ఉన్నది ఉన్నట్టు రాయి. నా మనసు కష్టపెట్టకూడదని చూడకు.

అక్క


రేవు వర్క్‌షాపు నుంచి,
శుక్రవారం

అక్కా,

నాకింకా జుట్టు కూడా సరిగ్గా నెరవలేదు, మీ మనవరాలు అప్పుడే నన్ను తాతని చేసేసింది. గట్టిగా ఏడుస్తోందంటే మన ఇంటి పిల్లే.

గుద్దుకున్న మాట నిజమే. పెద్ద దెబ్బ కాదు, ఒడ్డు వైపు రెండు చెక్కలు లేచాయి, మార్చేశాను. పెద్దావిడ మణికట్టుకి కట్టు కట్టారు, బాగానే ఉందట. చలిగాలులు మొదలయ్యాయి కదా, కేబిన్ కిటికీలు బిగించుకుని నడుపుతున్నారు. లోపల ఉక్కపోతకి ఎవరికైనా తల నొప్పే.

మర్నాడు ఓనరు గారు అందరినీ పోగుచేసి, "మేస్త్రీ, సరంగు పొగ పొగ అంటున్నాడు. నువ్వేమంటావ్?" అన్నారు. నేను కేబిన్‌లోకి వెళ్లి చూశాను. ఏమీ తేలలేదు. ఇంజిన్ గదిలో ఇంజిన్ పొగ వదిలే మానిఫోల్డ్ దగ్గర్నుంచి పొగగొట్టం పైకి వెళ్లేదాకా ప్రతి జాయింటూ చూశాను. పొగ కారేచోట నల్లగా మసి చార పడుతుంది, దాచినా దాగదు. ఎక్కడా లేదు. బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. అదే చెప్పాను.

బావ తాగుతున్నాడా అని అడిగావు. నేను చూడలేదు. చూడలేదు కాబట్టి అవునని అనను. రోజంతా పక్కనే ఉండను కాబట్టి కాదని ఒట్టు వేయనూ లేను. ఓనరు గారు కొన్నాళ్లు ఆయన్ని చక్రం దగ్గర్నుంచి తప్పించి తాళ్ల పనిలో పెట్టారు. లాంచీ రేవుకి రాగానే తాడు విసరడం, కట్టడం. పొడుగాయన అని ఇంకో సరంగు ఉన్నాడే, అతను నడుపుతున్నాడు. బావ తాళ్లు చక్కగానే కడుతున్నాడు.

రాత్రి భోజనం మీ ఇంట్లోనే బావతో కలిసి తింటున్నాను. నీ వంటింట్లో పాలగిన్నె ఒకటి మాడ్చేశాను. స్టవ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను, బావ వీధిలోంచి పరిగెత్తుకొచ్చి కట్టేశాడు. ఎంత తోమినా అడుగు తెల్లబడటం లేదు. వచ్చాక తిట్టుకుందువుగాని.

నువ్వు బెంగ పెట్టుకోకు.

తమ్ముడు


అమ్మాయి ఇంటి నుంచి,
గురువారం

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాక ఇంక నాకు అనుమానం మిగల్లేదు. నువ్వు మెత్తగా రాశావు, బావ కదా అని నీళ్లు నమిలావు. కానీ నీ ముక్కుకి తగలని పొగ ఆ కేబిన్‌లో ఉందంటే నేను నమ్మను. లేని పొగని సాకుగా చెప్పారంటే, ఉన్నదేదో దాస్తున్నారన్నమాట.

మీ బావకి ఉత్తరం రాశాను. ఏం రాశానో నీకు చెబితేగానీ నా గుండె బరువు దిగదు. "నలుగురిలో నా తల తీసేశారు. ఆ పెద్దావిడ చెయ్యి విరిగింది, రేపు ఎవరి ప్రాణమో పోతుంది. మనవరాల్ని ఎత్తుకోవాలని ఉంటే ముందు నిజం ఒప్పుకోండి. లేకపోతే ఇక్కడికి రావొద్దు" అని రాశాను. మడతపెట్టి కవరులో పెట్టాక ఒకసారి బయటికి తీసి మళ్లీ చదివాను. అయినా వేసేశాను.

జవాబు రెండే ముక్కలు. "నేను తాగలేదు. నీకు నమ్మకం కలిగించడం నా చేతుల్లో లేదు." కింద సంతకం కూడా లేదు.

కోపంలో రాసి ఉంటే నేను ఊరుకునేదాన్ని. అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా, నిదానంగా ఉన్నాయి. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. వియ్యపురాలితో "ఆయనకి ఒంట్లో బాగాలేదు" అని చెబుతున్నాను. ఆవిడ "పాపం" అంటోంది. ఆ పాపంలో ఎంత పాపమో నాకు అర్థమవుతూనే ఉంది. అమ్మాయి అడిగితే మాట మారుస్తున్నాను. పిల్లకి స్నానం చేయిస్తున్నంతసేపే కాస్త ప్రశాంతం.

ఒక్కటి చెప్పు. నువ్వు కేబిన్‌లో కూర్చుని బాగా చూశావు కదా? నీ మాట మీదే నేను నా మొగుడికి అంత మాట రాశాను. ఓనరు ఆయన్ని దింపిందీ నీ మాట మీదే. ఆ మాట గట్టిది అని ఒక్క లైను రాసెయ్యి, నాకు నిద్ర పడుతుంది.

అక్క


రేవు వర్క్‌షాపు నుంచి,
ఆదివారం

అక్కా,

ఆ ఒక్క లైను రాయలేను. నీ ఉత్తరం వారంగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. జవాబు రాద్దామని కూర్చోవడం, లేవడం. ఇప్పుడు జరిగింది చెబుతాను. చదివాక నన్ను తమ్ముడని పిలవాలో వద్దో నువ్వే చూసుకో.

నాకు వాసన తెలియదు.

వానాకాలంలో జ్వరం వచ్చి పడుకున్నాను గుర్తుందా? జ్వరం తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. జలుబు వదిలితే వస్తుందిలే అనుకున్నాను. ఒకరోజు డీజిల్ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నీళ్ల డబ్బాలా ఉంది. షాపు తలుపు మూసేసి కిరసనాయిలు, థిన్నరు, కాలిన రబ్బరు, ఏది దొరికితే అది ముక్కుకి ఆనించి చూశాను. ఏమీ లేదు. ముక్కు మేస్త్రీ అని పిలిపించుకునేవాడికి ముక్కే పనిచేయడం లేదంటే ఇంక మిగిలేది నవ్వులాట. అందుకని ఎవరికీ చెప్పలేదు. కళ్లతో, చెవులతో నెట్టుకొస్తున్నాను. ఎవరైనా "మేస్త్రీ, ఏదో వాసన" అంటే, "ఆ, నాకూ తగిలింది" అంటూ వచ్చాను.

ఆ రోజు ఓనరు గారు అడిగినప్పుడు కేబిన్‌లోకి వెళ్లి ఏం చేశానో నీకు రాయలేదు. కళ్లు మూసుకుని, అందరికీ కనబడేలా గట్టిగా గాలి పీల్చాను. నాటకం. పీల్చిన గాలిలో ఏముందో నాకు తెలియదు. తల ఊపి, "ఏమీ లేదండీ" అన్నాను. బావ నా మొహంలోకి చూశాడు. నేను బావ చొక్కా గుండీల వైపు చూశాను. ఓనరు గారు, "ముక్కు మేస్త్రీయే లేదన్నాక ఇంకేముంది" అన్నారు. అక్కడితో బావ సంగతి తేలిపోయింది.

ఈ బుధవారం లాంచీ అవతలి ఒడ్డు నుంచి జనంతో వస్తోంది. నేను రేవులో ఉన్నాను. నది మధ్యలో ఉండగా లాంచీ ముక్కు పక్కకి తిరగడం మొదలైంది. కేబిన్ అద్దంలోంచి పొడుగాయన కనబడటం లేదు. చక్రం మీద తలపెట్టి వాలిపోయాడని తర్వాత తెలిసింది. లాంచీ దిగువన ఉన్న బండరాళ్ల వైపు పోతోంది. జనం అరుస్తున్నారు. అప్పుడు బావ తాడు వదిలేసి కప్పు మీదుగా పరిగెత్తి, కేబిన్ తలుపు తన్ని తెరిచి, పొడుగాయన్ని బయటికి లాగి, చక్రం తిప్పాడు. లాంచీని తెచ్చి దూదిలా గట్టుకి ఆనించాడు. కిటికీలన్నీ తెరిచేసి, పొడుగాయన మొహాన నీళ్లు చల్లి, తన తువ్వాలు తల కింద పెట్టాడు. పొడుగాయన వాంతి చేసుకుని కళ్లు తెరిచాడు.

ఓనరు గారు వస్తూనే బావ మీద విరుచుకుపడ్డారు. "నిన్ను చక్రం ముట్టుకోవద్దన్నానా లేదా?" అన్నారు. బావ నా వైపు ఒక్కసారి చూశాడంతే. వెళ్లి తాడు చుట్టుకోవడం మొదలెట్టాడు. పొడుగాయనకి పైత్యం చేసిందిలే అని జనం సర్దుకుపోయారు.

అక్కా, నేను చచ్చిపోయాననుకో ఆ క్షణాన.

మర్నాడు లాంచీని రేవుకి కట్టించి పొగ ఎక్కడినుంచి వస్తోందో వెతకడం మొదలెట్టాను, ఈసారి నిజంగా. చిమ్నీ మూతికి గుడ్డలు కుక్కి, కంప్రెసర్‌తో పొగగొట్టంలోకి గాలి ఎక్కించి, జాయింట్లన్నిటికీ సబ్బునీళ్లు పూశాను. కారితే బుడగలు రావాలి. ఒక్క బుడగ రాలేదు. ఇంజిన్ నడిపించి కాగితం ముక్క పట్టుకుని గొట్టం వెంట తిరిగాను, ఎక్కడైనా ఎగురుతుందేమోనని. ఎగరలేదు. పొడుగాటి రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని విన్నాను, ఇంజిన్ రొదలో ఏమీ తెలియలేదు. పొద్దు గూకేదాకా పాకాను. పొగ ఉంది, మనుషుల్ని పడగొడుతోంది, నాకు మాత్రం దొరకడం లేదు. కావాల్సింది ఒక ముక్కు. రేవులో అందరికీ ఉంది, నాకు తప్ప. ఎవర్నైనా పిలిచి వాసన చూడమంటే నా గుట్టు బయటపడుతుంది. అయినా ఎవర్నో పిలిచే హక్కు నాకు లేదనిపించింది. పిలిస్తే ఎవర్ని పిలవాలో నాకు తెలుసు.

శుక్రవారం పొద్దున బావ గట్టు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "బావా, నాకు వాసన తెలియడం లేదు" అన్నాను.

బావ తాడు పేనడం ఆపలేదు. "తెలుసు" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"పాలు మాడి వీధంతా కంపు కొడుతుంటే, పక్కనే కూర్చుని పేపరు తిరగేస్తున్నావు. నీ ముక్కు సంగతి నాకు తెలీదా?"

"మరి ఓనరు గారితో ఎందుకు చెప్పలేదు బావా? నువ్వు బయటపడేవాడివి కదా!"

"చెబితే నీ పని పోతుంది. నువ్వే చెబుతావులే అనుకున్నాను." తాడు కొస కొరికి ముడి వేశాడు. "ఇన్నాళ్లు పడుతుందనుకోలేదు."

కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. బావే లేచి, "పద, ఇంజిన్ స్టార్ట్ చెయ్యి" అన్నాడు.

లాంచీని ముందూ వెనకా తాళ్లతో కట్టేసి, గేరు వేసి, నది మధ్యలో ఎంత బరువు లాగుతుందో అంత లాగించాం. గొట్టం బాగా వేడెక్కేదాకా ఆగాం. బావ కిటికీలు మూసి, కేబిన్‌లో కుర్చీ తీసేసి, మోకాళ్ల మీద పాకుతూ చెక్కల సందుల్లో వాసన చూస్తూ వెళ్లాడు. నేను పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. ఒకప్పుడు నేను పాకేవాణ్ని, బావ లైటు పట్టుకునేవాడు. కుర్చీ వెనక మూల, నేల దగ్గర, ఒక పలక మీద వేలు పెట్టి, "ఇక్కడ" అన్నాడు. అప్పటికే కళ్లెర్రబడ్డాయి. బయటికి లాక్కొచ్చాను.

ఇంజిన్ చల్లారాక ఆ పలక ఊడదీశాను. వెనకాల పొగగొట్టం వంపు తిరిగే చోటు. వేడి తగలకుండా గొట్టం చుట్టూ తాడుపట్టీ చుట్టి ఉంటుంది కదా, దాన్ని విప్పుతూ పోతే లోపలి వైపు నల్లగా, వేలెడంత వెడల్పున మసి. గొట్టాన్ని గోడకి పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టు రాలిపోయింది. అది లేక గొట్టం ఊగి ఊగి, వంపు దగ్గర వెంట్రుకంత పగులు ఇచ్చింది. చల్లగా ఉంటే పగులు మూసుకుంటుంది, అందుకే సబ్బునీళ్లకి దొరకలేదు. వేడెక్కి గొట్టం సాగితే తెరుచుకుంటుంది. వచ్చిన పొగ బయటికి రాకుండా ఆ పట్టీ లోపల్లోపలే పాకి, పైన కేబిన్ పలక సందులోంచి వస్తోంది. అందుకే ఇంజిన్ గదిలో చార లేదు. ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, ఇది దొరకడం కష్టమే అని నువ్వు అనుకోవాలని కాదు. ముక్కున్నవాడికి ఒక్క పూట పని. బావ మొదటిరోజే చూపించగలిగేవాడు, నేను అడిగి ఉంటే.

పగులు వెల్డింగ్ చేశాను. బ్రాకెట్ కొత్తది వేశాను. అది సరిపోయింది. మిగతాది ఎలా సరిచేయాలో తెలియడం లేదు.

బావ తాగలేదక్కా. ఒక్క చుక్క కూడా.

తమ్ముడు


అమ్మాయి ఇంటి నుంచి

నీ ఉత్తరం పెరట్లో బట్టలు ఆరేసే తీగ కింద నిలబడి చదివాను. తడిబట్టల బకెట్టు అలాగే ఉండిపోయింది.

నిన్ను తిట్టడానికి రెండుసార్లు కాగితం తీశాను. తిట్టడం మొదలెడితే అది తిరిగి నా మీదకే వస్తోంది. నువ్వు ఆయన గురించి అబద్ధమాడావు. నేను ఆయన్ని అడక్కుండా నిన్ను అడిగాను. అన్నేళ్లు సాయంత్రం పూట నా ముందు మొహం వంచి నిలబడిన మనిషి "తాగలేదు" అంటే, నా చెవికి ఎక్కలేదు. ఎవడో దారినపోయేవాడు భోజనం దగ్గర నవ్వితే ఎక్కింది. వియ్యపురాలి ముందు నా పరువు పోయిందనే తప్ప, ఆ తలనొప్పి ఎలా ఉంది, కళ్లు ఎందుకు మండుతున్నాయి అని ఒక్క మాట రాయలేదు నేను. మనవరాల్ని ఎత్తుకోవద్దని రాసిన చెయ్యి ఇది.

వియ్యపురాలికి చెప్పాను, హాల్లోనే, ఆవిడ కుర్చీ పక్కనే నిలబడి. ఆయనకి జబ్బు లేదు, తాగుడూ లేదు, పొగ మింగి తడబడ్డారు, మేమే నమ్మలేదు అని. ఆవిడ "నేనూ ఏమేమో అనుకున్నానండీ" అంది. అంతే, తలొంచుకుంది. 

నాకు చెప్పావు. సరే. రేవులో ఎవరికి చెప్పావు? ఆయన తాగారని అందరికీ తెలుసు. తాగలేదని అక్కడ ఇద్దరికే తెలుసు, నీకూ మీ బావకీ.

అది చేసేదాకా నాకు రాయకు.


ఎగువ పంపుహౌసు నుంచి,
మంగళవారం

అక్కా,

చేశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఓనరు గారి గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన విని, తలుపు దగ్గరకి వేసి వచ్చారు. "దొరికింది, వెల్డింగ్ అయింది, బాగుంది. సరంగుని మళ్లీ చక్రం దగ్గర కూర్చోబెడదాం. నీ ముక్కు సంగతి నేను మర్చిపోతాను. పొగ సంగతి నువ్వు మర్చిపో. జనానికి తెలిస్తే ఒక్కడు లాంచీ ఎక్కడు" అన్నారు. అక్కా, నీ దగ్గర దాచేదేముంది, ఒక్క క్షణం నా ప్రాణం లేచొచ్చింది. పని ఉంటుంది, పేరు ఉంటుంది, బావా తిరిగొస్తాడు. సరేనండీ అని తలుపు దాకా వచ్చాను కూడా. గొళ్లెం మీద చెయ్యి వేశాక నీ ఉత్తరంలో చివరి మాట గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి, "తాగాడని అందరి ముందూ దింపారు కదండీ. తాగలేదని అందరి ముందూ చెప్పాలి" అన్నాను. "చెబితే నువ్వు ఇక్కడ ఉండవు" అన్నారు.

మర్నాడు ఆఫీసులకి వెళ్లే జనం రేవులో బారులు తీరి ఉన్నప్పుడు టికెట్ గది మెట్టెక్కాను. గొంతు ఎంత పెంచానో తెలియదు. సరంగు తాగలేదు, లాంచీ పొగగొట్టం పగిలింది, పొగ కేబిన్‌లోకి పోయింది, ఆయన చెబుతూనే ఉన్నాడు, నాకు వాసన తెలియకపోయినా తెలిసినట్టు నటించి లేదన్నాను, తప్పు నాది అన్నాను. వెనకనుంచి ఒకాయన, "అదంతా సరేనయ్యా, ఇప్పుడు లాంచీ ఎక్కొచ్చా, ఎక్కకూడదా? అది చెప్పు ముందు" అన్నాడు. ఎక్కొచ్చు అన్నాను. ఎక్కారు. నేను పెద్ద ఉరికంబం ఎక్కుతున్నాననుకున్నాను, వాళ్లకి ఆఫీసుకి ఆలస్యమవుతోంది.

అయితే దిగి వెళ్తుంటే టీ కొట్టు దగ్గర ఎవడో ముక్కు చేత్తో మూసుకుని "మేస్త్రీ" అని పిలిచాడు. పక్కవాళ్లు నవ్వారు. నవ్వనీ. 

చెయ్యి విరిగిన పెద్దావిడ ఇంటికీ వెళ్లాను. మేడ మీద చిన్న గది, కిటికీ నిండా పూలకుండీలు. కట్టు కట్టిన చేత్తోనే వాటికి నీళ్లు పోస్తోంది. చెప్పాను. ఆవిడ కుర్చీ చూపించి, నేను కూర్చోకపోతే తనే కూర్చుని, "తాగి నడిపాడని వచ్చిన వాళ్లందరికీ చెప్పాను బాబూ. ఇప్పుడు ఇంటింటికీ వెళ్లి కాదని చెప్పగలనా?" అంది. చెయ్యి నొప్పి గురించి ఒక్క మాట అనలేదు.

ఓనరు గారు అన్నంత పనీ చేశారు. నేను అదే రోజు సామాను సర్దుకున్నాను. ఇక్కడ ఎగువన నీళ్ల పంపుల ఇంజిన్లు చూసే పని దొరికింది. పనిలో చేరే ముందే ఇక్కడి పెద్దాయనకి వాసన సంగతి చెప్పాను. "నీళ్లకి వాసనేముంది, చెవులు పనిచేస్తాయా?" అని అడిగి చేర్చుకున్నాడు. డాక్టరుకీ చూపించుకున్నాను. రావొచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

బావకి చెప్పకుండా వచ్చేశాను. రెండుసార్లు మీ వీధి మలుపు దాకా వెళ్లాను. మొహం చెల్లలేదు. నేను చెప్పిన పూట ఆయన వేరే పని మీద అవతలి ఒడ్డున ఉన్నాడు. చక్రం దగ్గరకి తిరిగి వెళ్లాడని మాత్రం తెలిసింది.

తమ్ముడు


మన ఇంటి నుంచి,
గురువారం

తమ్ముడికి,

అమ్మాయి లేచి తిరుగుతోంది, పిల్ల బొద్దుగా తయారైంది. నేను ఇంటికొచ్చి వారం దాటింది.

వచ్చేటప్పుడు మీ బావ లాంచీలోనే వచ్చాను. జనంలో ఒకదాన్నై కూర్చున్నాను. ఆయన అద్దంలోంచి చూశారు, పలకరింపుగా తల ఊపారు, లాంచీ నడుపుకున్నారు. దిగాక నా సంచి అందుకుని ముందు నడిచారు.

ఇంట్లో నాతో ఒక్క పరుషమైన మాట లేదు. అదే నాకు కష్టంగా ఉంది. "అన్నం పెట్టనా" అంటే "పెట్టు" అంటారు. తిన్న కంచం తనే కడిగేస్తున్నారు. నేను లాక్కోబోతే "ఇన్నాళ్లూ చేసుకున్నానుగా, అలవాటైంది" అన్నారు. వెటకారం లేదు, నిజంగానే అన్నారు. ఎదురింటి వాళ్లకి మల్లే మర్యాదగా ఉంటున్నారు. అరిస్తే నేనూ ఏడ్చి తేలికపడేదాన్ని.

మొన్న ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే వెళ్లి నిలబడి, నేను రాసిన ఆ ఉత్తరం తప్పు, ప్రతి మాటా తప్పు, క్షమించండి అన్నాను. ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "నువ్వు రాసింది మొదట్నుంచి చివరిదాకా నాకు నోటికొచ్చు. మర్చిపోదామనే చూస్తున్నాను. తొందరపెట్టకు" అన్నారు. మళ్లీ ఇస్త్రీ మొదలెట్టారు. నేను పక్క గదిలోకి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి నా చీర కూడా ఒకటి మడతపెట్టి తెచ్చి మంచం మీద పెట్టారు.

పొడుగాయన వచ్చి వెళ్లాడు. రేవులో నువ్వు మెట్టెక్కి ఏమన్నావో అతనే ఈయనకి చెప్పాడు. ఈయన వింటూ గోళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. "గట్టిగానే మాట్లాడాడా?" అని అడిగారు. "రేవంతా వినబడింది" అన్నాడు పొడుగాయన.

ఇప్పుడు నేను రాస్తుంటే ఎవరికని అడిగారు. తమ్ముడికి అన్నాను. నేను రాసిందంతా చదవలేదు గానీ, కింద కాస్త చోటు ఉంచమన్నారు. ఉంచుతున్నాను.

అక్క

బామ్మర్దీ,

లాంచీ బాగా నడుస్తోంది. కిటికీలు మూసుకున్నా తల నొప్పి రావడం లేదు. నువ్వు వెల్డింగ్ చేసిన చోటు పలక తీసి చూశాను, గట్టిగానే ఉంది.

నీ మీద కోపం పోయిందా అని మీ అక్క రోజూ అడగకుండా అడుగుతోంది. పోలేదు. పోయాక రమ్మందామంటే అది ఎప్పటికి పోతుందో నాకే తెలియదు. అందుకని, ఉండగానే రా.

ఆదివారం పొద్దున లాంచీ ఎగువ దాకా వస్తుంది. గట్టు మీద నిలబడు, ఎక్కించుకుంటాను.